టెక్ సందేహాలు: ఫోన్ నా దగ్గరే ఉంది, మరి వాట్సాప్ ఎలా పోయింది?

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని, నల్లగొండలో ఉంటాను. మా మేనల్లుడి నంబరు నుంచి ‘మామయ్యా, నాకు రావాల్సిన కోడ్ పొరపాటున మీ ఫోన్‌కి వచ్చింది, కాస్త చెప్పండి’ అని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే చెప్పాను. కాసేపటికే నా వాట్సాప్ ఆగిపోయింది. అప్పటినుంచి ‘ఆసుపత్రిలో ఉన్నాను, అర్జెంటుగా డబ్బు పంపండి’ అంటూ బంధువులందరికీ నా పేరుతో మెసేజ్‌లు వెళ్తున్నాయి. వాట్సాప్‌లో అన్నీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మూడోవారు చదవలేని రహస్య రూపంలో ఉంటాయని అంటారు కదా, ఇదెలా సాధ్యమైంది?

జవాబు: ముందు ఖాతాను వెనక్కి తెచ్చుకోండి. వాట్సాప్ తెరిచి మీ నంబరు ఇచ్చి, ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆరంకెల కోడ్‌ను నమోదు చేసిన మరుక్షణం అవతలివాడి ఫోన్‌లో మీ ఖాతా మూతపడుతుంది. ఆ తర్వాత టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ (కోడ్‌కు తోడు ఖాతాదారు స్వయంగా పెట్టుకునే ఆరంకెల రహస్య సంఖ్య) అడిగితే, దాన్ని వాడే పెట్టాడని అర్థం. ఆ పిన్ తెలియకపోయినా ఏడు రోజులు ఆగితే ఖాతా మీకు తెరుచుకుంటుంది, ఈలోగా వాడు కూడా బయటే ఉంటాడు కనుక కంగారుపడి ఏవో అంకెలు కొట్టుకుంటూ కూర్చోవద్దు. ఈలోపు బంధువులకు మామూలు ఫోన్ కాల్ చేసి విషయం చెప్పండి. ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే, ఆ పంపినవారు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోతుంది, దాన్ని మధ్యలో నిలిపివేయడం కష్టమవుతుంది.

మీకు మెసేజ్ పంపింది మీ మేనల్లుడు కాదని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆయన ఖాతా అంతకుముందే దొంగల పాలైంది. ఇక మీ అసలు ప్రశ్నకు వస్తే, వాట్సాప్‌లో 2016 నుంచి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న మాట నిజమే, అది ఇప్పటికీ పటిష్ఠంగానే ఉంది. అయితే అది కాపాడేది రెండు ఫోన్ల మధ్య ప్రయాణించే సందేశాన్ని మాత్రమే. ఈ చివర ఉన్నది మీరేనని యాప్ నమ్మడానికి దాని దగ్గరున్న ఆధారం మీ నంబరుకు పంపిన ఆరంకెల కోడ్ ఒక్కటే, ఆ కోడ్ ఎవరు చెబితే వారినే మీరని అనుకుంటుంది. మీ పాత సంభాషణలు మీ ఫోన్‌లోనే ఉంటాయి కాబట్టి అవి వాడికి దొరకలేదు, ఆ మేరకు ఊరట.

ఇలాంటి ఉత్తరాలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి కనుక, నన్ను ఇంతకంటే ఎక్కువగా కలవరపెడుతున్న మరో పద్ధతి గురించి కూడా చెప్పాలి. మీ విషయంలో వాట్సాప్ ఆగిపోయింది కాబట్టి ఏదో జరిగిందని మీకు తెలిసింది. ఈ రెండో పద్ధతిలో మీ ఫోన్‌లో ఏదీ ఆగదు. తెలిసినవారి నంబరు నుంచే ‘ఈ ఫొటోలో ఉన్నది మీరేనా?’ అని ఒక లింకు వస్తుంది. నొక్కితే ఫొటో చూపించే పేజీలాంటిది తెరుచుకుని, చూడాలంటే మీ నంబరు ఇవ్వమంటుంది. ఇచ్చాక తెరపై ఎనిమిది అక్షరాల కోడ్ కనిపిస్తుంది, ధ్రువీకరణ కోసం దాన్ని వాట్సాప్‌లో నమోదు చేయమని రాసి ఉంటుంది. అదే సమయంలో అసలు వాట్సాప్ నుంచే ఆ కోడ్ అడుగుతూ నోటిఫికేషన్ వస్తుంది కాబట్టి అనుమానం కూడా కలగదు. ఆ ఎనిమిది అక్షరాలూ నమోదు చేసిన క్షణం నుంచి ఎక్కడో ఉన్న ఒక కంప్యూటర్ మీ ఖాతాకు ‘లింక్డ్ డివైస్’ అవుతుంది, మీకు వచ్చే ప్రతి సందేశమూ అక్కడ కూడా కనిపిస్తుంది, అక్కడి నుంచి మీ పేరుతో రాయడమూ కుదురుతుంది. 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా ఈ పద్ధతిపై హెచ్చరిక జారీ చేసింది.

ఇక్కడ గమనించాల్సినది ఒకటుంది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు, పోలీసులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు, మనవాళ్లకు అది కంఠతా వచ్చింది. కానీ ఈ పద్ధతిలో మనం ఎవరికీ ఏమీ చెప్పం, మన ఫోన్‌లోనే, మన చేత్తోనే కోడ్ నమోదు చేస్తాం. కాబట్టి ఇకపై చెప్పాల్సిన మాట వేరు: మీరుగా కంప్యూటర్‌లో వాట్సాప్ తెరవాలనుకున్నప్పుడు తప్ప, వాట్సాప్‌లో ఇలాంటి ఏ కోడ్‌నూ నమోదు చేయవద్దు. సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ అనే చోట మీరు గుర్తుపట్టలేని పేరు ఒక్కటి కనిపించినా, దానిపై నొక్కి లాగౌట్ చేయండి.

మెసేజింగ్ యాప్‌లు తయారుచేసేవారిపై నాకున్న కోపం కూడా ఇక్కడే. పైన చెప్పిన టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకునే సదుపాయం వాట్సాప్‌లో 2017 నుంచి ఉంది. అది పెట్టుకుని ఉంటే, కోడ్ చెప్పేసినా మీ ఖాతా పోయేది కాదు. అయినా ఇప్పటికీ దాన్ని ఐచ్ఛికంగానే వదిలేశారు. బ్యాకప్‌కు (ఇంటర్నెట్‌లో దాచుకునే సంభాషణల నకలుకు) ఎన్‌క్రిప్షన్ 2021లో వచ్చింది, అదీ మనంతట మనం వెతికి ఆన్ చేసుకోవలసిందే. యాప్ వేసుకునేటప్పుడు కాంటాక్టులు కావాలి, ఫొటోలు కావాలి, నోటిఫికేషన్లకు అనుమతి కావాలి అని వరసగా అడిగేవారు, పిన్ పెట్టనిదే ముందుకు వెళ్లనివ్వకుండా ఒక్క తెర చూపించలేరా? ఫోన్ల తయారీదారులదీ ఇదే తంతు. లాక్ స్క్రీన్ మీదే ఓటీపీ పూర్తిగా కనిపించేలా చాలా ఫోన్లు అమ్ముతున్నారు, పక్కన కూర్చున్నవారెవరైనా చదివేయవచ్చు. ఇక ఇళ్లలో సంగతి చూస్తే, తెలుగు చక్కగా చదవగలిగిన తల్లిదండ్రులకు ఇంగ్లిష్‌లోనే ఫోన్ పెట్టిచ్చి, ఒక్క సెట్టింగ్ కూడా సరిచేయకుండా పిల్లలు ఊరెళ్లిపోతున్నారు. హెచ్చరిక తెరపైకి వచ్చినా, చదవలేని భాషలో ఉంటే దానివల్ల ప్రయోజనం ఏముంది?

ప్రశ్న: మా అబ్బాయి మూడేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాడు. ఇక్కడి సిమ్‌కు రీచార్జ్ మానేశాం, వాట్సాప్ మాత్రం ఆ పాత నంబరుతోనే వాడుకుంటున్నాడు. ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ఉంటుంది, అదీ పైన చెప్పినదానికి సంబంధించినదే. ఆపేసిన నంబరును 90 రోజుల వరకు వేరొకరికి కేటాయించరని 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ గడువు దాటితే అది ఎవరికైనా వెళ్లవచ్చు. కొత్త యజమాని ఏ దురుద్దేశమూ లేకుండా ఆ నంబరుతో వాట్సాప్ మొదలుపెట్టినా, కోడ్ ఆయనకే వస్తుంది, మీ అబ్బాయి ఖాతా మూతపడుతుంది, మీ కుటుంబ గ్రూపుల్లో మాటలు ఆయన ఫోన్‌కు వెళ్తాయి. వాట్సాప్ ఇంకా పనిచేస్తుండగానే సెట్టింగ్స్‌లోని ‘చేంజ్ నంబర్’ ద్వారా అమెరికా నంబరుకు మారమనండి. ఇలా మారితే గ్రూపులు, పాత సంభాషణలు అలాగే ఉంటాయి. ఆ పాత నంబరు ఇక్కడి బ్యాంకు ఖాతాకు కూడా జతచేసి ఉంటే, వాట్సాప్ కంటే ముందు బ్యాంకులో నంబరు మార్పించండి.