గ్రహణం రోజు మందను దొడ్డిలోనే ఉంచాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎనభై గొర్రెలున్నాయి, అందులో ఇరవై దాకా చూడివి. 2019 డిసెంబరులో గ్రహణం నాడు పొద్దున మందను వదల్లేదు, నీళ్లూ పెట్టలేదు. మధ్యాహ్నం తోలితే కోసిన జొన్న చేలో మేసి, గంటలోపే రెండు గొర్రెలు పడి చనిపోయాయి. గ్రహణ దోషమన్నారు. 2027లో మళ్లీ గ్రహణం ఉందంట సార్. చూడి గొర్రెలకు మొర్రి పిల్లలు పుడతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కళ్ల ముందే రెండు జీవాలు పోతే ఆ బాధ అంత తొందరగా పోదు. అయితే మీరు రాసినదాన్ని బట్టి వాటిని చంపింది గ్రహణం కాదు, జొన్న నాము, అంటే లేత జొన్నలోని విషం అయి ఉండాలి. కోసిన జొన్న మోళ్ల నుంచి వచ్చే లేత పిలకల్లో, బెట్టకు వాడిన లేత పైరులో సైనైడ్ విషం పుడుతుంది. పొద్దుటి నుంచి పస్తున్న మంద ఆ పచ్చదనం మీద పడి ఆబగా మేస్తే విషమంతా ఒకేసారి రక్తానికి ఎక్కుతుంది. ఊపిరాడక, కాళ్లు కొట్టుకుంటూ నిమిషాల్లో పడిపోతాయి. వెంటనే డాక్టరు సోడియం థయోసల్ఫేట్‌ను నరానికి ఎక్కిస్తే బతకవచ్చు. కానీ చాలాసార్లు అంత సమయం దొరకదు. కాబట్టి పూతకు రాని జొన్నలోకి, పిలకల మీదికి మందను ఎప్పుడూ తోలవద్దు. బాగా ఎండిన చొప్పతో ఈ భయం లేదు.

ఇక గ్రహణం సంగతి. జీవాలు వెలుతురును బట్టి నడుచుకుంటాయి. సూర్యుడు పూర్తిగా మూసుకుపోతే సాయంత్రమైందనుకుని కోళ్లు గూటికి చేరతాయి, పశువులు ఇంటిదారి పడతాయి. 2017 ఆగస్టు 21న అమెరికాలో సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు పూల దగ్గర మైకులు పెట్టి వింటే, చీకటి పడగానే తేనెటీగల రొద దాదాపు ఆగిపోయింది. వెలుతురు రాగానే మళ్లీ మొదలైంది. అంతకు మించి వాటికి హాని లేదు. 2019లో మీ దగ్గర పడింది పాక్షికమే. ఉంగరంలా కనిపించింది కేరళ, తమిళనాడు, దక్షిణ కర్ణాటకల్లో కొన్నిచోట్ల. 2027 ఆగస్టు 2న సంపూర్ణ గ్రహణం స్పెయిన్, ఈజిప్టు, సౌదీల మీదుగా పోతుంది. మనకు సాయంత్రం వేళ కొంత భాగమే. మీ గొర్రెలు తల కూడా ఎత్తవు.

గ్రహణం మొర్రి అని మన భాషలో పేరే పడిపోయింది గనుక మీ భయం నాకు అర్థమవుతుంది. గొర్రె చూడి కాలం సుమారు 150 రోజులు. పిల్లకు పెదవి, అంగిలి కలిసేది మొదటి రెండు నెలల్లోపే. ఆ తర్వాత ఆకాశంలో ఏం జరిగినా అవి విడిపోవు. మొర్రికి అసలు కారణాలు వంశపారంపర్య లోపాలు, చూడి తొలిరోజుల్లో మేసిన కొన్ని విషపు మొక్కలు. ఒకే పొట్టేలు ఏళ్ల తరబడి మందలో ఉండి తన పిల్లలనే దాటితే ఇలాంటి లోపాలు బయటపడతాయి. నేను గట్టిగా చెప్పేది ఇదే: రెండేళ్లకోసారి విత్తనపు పొట్టేలును మార్చండి, వేరే ఊరి మంద నుంచి తెచ్చుకోండి.

గ్రహణం రోజు ఎప్పటిలాగే మేపండి, తొట్టి నిండా నీళ్లు పెట్టండి, ముఖ్యంగా చూడి గొర్రెలకు. దొడ్డి మీద గరిక వేసుకోవడం మీ నమ్మకమైతే వేసుకోండి, మేత మాత్రం ఆపొద్దు. జీవాలు సూర్యుడి వైపు తేరిపార చూడవు, వాటి కళ్లకు ఏమీ కట్టనక్కర్లేదు. మీరు, పిల్లలు మాత్రం గ్రహణం కళ్లద్దాలు లేకుండా చూడొద్దు. ఎక్స్‌రే ఫిల్ము పనికిరాదు. ఆగస్టు అంటే లేత గడ్డి మొలిచే కాలం, అది ఆబగా మేస్తే ఉన్నట్టుండి చంపే చిటుక రోగం రావచ్చు, దాని టీకా వానలకు ముందే వేయించి ఉంచండి.