లెదర్ సీటు కొనే ముందు అట్టముక్క మీద కూర్చోండి

ప్రశ్న: రోడ్ సైకిల్ మీద గంట దాటితే కూర్చోలేకపోతున్నాను. జెల్ సీటు వేయించా, దానిమీద మెత్తటి కవరు కూడా తొడిగా, బాధ ఇంకా ఎక్కువైంది. లెదర్ సీటు తీసుకోమని ఒకరు, రాయిలా ఉంటుంది వద్దని ఇంకొకరు. ఏం చేయమంటారు?

జవాబు: మొదట్లో రాయిలాగే ఉంటుందండీ, అందులో అబద్ధం లేదు. కానీ మెత్తటి కవరు వేశాక ఎక్కువైందని మీరే అంటున్నారు కదా, అంటే గొడవ గట్టిదనంతో కాదు. బరువంతా పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడాలి. అవి జెల్‌లో దిగబడితే మధ్యలోని జెల్ పైకి ఉబికి, నరాలూ రక్తనాళాలూ ఉన్నచోట నొక్కుతుంది.

అందుకే కంపెనీ పేరు తర్వాత, ముందు వెడల్పు తేల్చుకోండి. ప్యాకింగ్ డబ్బా అట్టముక్క ఒకటి గట్టి స్టూలు మీద వేసి, పల్చటి నిక్కరుతో కూర్చుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి, మడమలు కాస్త పైకెత్తి అర నిమిషం ఉండండి. లేచి చూస్తే రెండు గుంటలు పడి ఉంటాయి, కంటికి కనపడకపోతే వేళ్లతో తడమండి, తెలుస్తాయి. వాటి మధ్య దూరం కొలిచి పెట్టుకోండి. లెదర్ సీటులో వెనకవైపు తోలుని ఇనప చట్రానికి రివిట్లతో బిగిస్తారు. ఆ అంచు ఎన్నేళ్లు తొక్కినా వంగదు. మీ ఎముకలు రెండూ దానికి లోపలే, తోలు సాగే చోట ఆనాలి. ఇరుకు సీటు కొని 'మెల్లగా సెట్ అవుతుందిలే' అని ఎదురుచూడటం దండగ.

లెదర్ సీట్లు చేసే బ్రూక్స్ కంపెనీ వాళ్ల బి17 మోడల్ వెడల్పు 170 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, హ్యాండిల్ సీటంత ఎత్తులోనో కాస్త పైనో ఉన్నవాళ్లకి హాయి. బాగా వంగి తొక్కేవాళ్లకి దానిమీద తొడలు ఒరుసుకుంటాయి, వాళ్లు అదే కంపెనీ స్విఫ్ట్ లాంటి సన్నవి చూసుకోవాలి. బి17 బరువు అరకిలో పైనే. గ్రాములు లెక్కపెట్టే మనిషైతే ఈ జవాబు ఇక్కడితో వదిలేయొచ్చు.

బిగించేటప్పుడు సీటు ముక్కు, అంటే ముందు కొన, ఒక పిసరు పైకి ఉంచండి. కూర్చోగానే మధ్యలో తోలు దిగుతుంది కాబట్టి, సమంగా పెడితే మనిషి ముందుకు జారి, చేతులు నొప్పెడతాయి. తోలు మీ ఒంటికి కుదరడానికి కొన్ని వందల కిలోమీటర్లు పట్టొచ్చు. తొందరపడి నూనెలో నానబెట్టారో, అది మెత్తబడి గుడ్డలా వేలాడుతుంది. తోలుకి పూసే మైనం పల్చగా ఒకసారి రుద్దితే చాలు. ముక్కు కింద తోలుని బిగించే బోల్టు ఉంటుంది, దాని జోలికి మొదట్లో అసలు పోవద్దు, ఎప్పుడో తోలు సాగాక పావు చుట్టు తిప్పండి.

ఎముకల దగ్గర నొప్పి రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. తిమ్మిరి అలా కాదు, దాన్ని ఓర్చుకోకూడదు. ఎత్తూ వాలూ మార్చి చూడండి, అప్పటికీ పోకపోతే సీటు మార్చి డాక్టరుకి చూపించుకోండి.

ప్రశ్న: నా లెదర్ సీటు వానకి నానిపోయింది. ఎండలో పెట్టొచ్చా?

జవాబు: వద్దు, బిరుసెక్కి పగుళ్లిస్తుంది. నీడలో గాలికి ఆరనివ్వండి. తడిగా ఉండగా దానిమీద తొక్కితే తోలు సాగిపోతుంది, అది మళ్లీ వెనక్కి రాదు. పైన కవరుంటే సరిపోదు, మడ్‌గార్డు లేకపోతే వెనక చక్రం చిమ్మే నీళ్లన్నీ అడుగునే తగులుతాయి, అక్కడి తోలుకి పాలిష్ కూడా ఉండదు. ఆరాక మైనం పట్టించి, కొన్నాళ్లు లేతరంగు ప్యాంట్లు మాత్రం వేసుకోకండి, రంగు అంటుకుంటుంది.