ఎండల్లో గుడ్లు కావాలంటే బరువు తక్కువ పెట్టను చూసుకోండి

మీ ప్రశ్న చదివాను. సూర్యాపేట దగ్గర పెరట్లో ఇరవై కోళ్లు పెంచాలనుకుంటున్నారు, మే నెల ఎండల్లో కూడా గుడ్లు ఆగకుండా పెట్టే జాతి ఏదని అడిగారు.

మాది పల్నాడు, రెంటచింతల పక్క పల్లె. మా ఎండల గురించి మీరు వార్తల్లో వినే ఉంటారు. ఎనిమిదేళ్లుగా పెరటి కోళ్లు పెంచుతున్నాను. ఏడాదికి ఎన్ని గుడ్లు అన్న లెక్క ఒక్కటే చూసి కొనకండి. పెట్ట బరువెంత, ఒంటి మీద ఈక ఎంత దట్టంగా ఉంది అన్నది ముందు చూడండి.

మొదటి ఏడాది వనరాజా పిల్లల్ని తెచ్చాను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. మంచి రకమే, మాంసానికీ గుడ్లకీ పనికొస్తుంది. కాకపోతే తిండి ఎక్కువైతే ఒళ్లు చేస్తుంది. ఆ తప్పు మాదే. మా అత్తగారూ నేనూ నూకలు, జొన్నలు దోసిళ్లతో పోసేవాళ్లం. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం చూస్తే వేపచెట్టు కింద అన్నీ రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. గొంతు కింద చర్మం గబగబా కొట్టుకుంటోంది. సాయంత్రానికి పన్నెండింట్లో నాలుగు చచ్చిపోయాయి. నాలుగూ బాగా కొవ్వు పట్టిన పెట్టలే. మిగిలినవి రెండు వారాల పాటు తోలుగుడ్లు పెట్టాయి, పట్టుకుంటే వేలు లోపలికి దిగిపోయేది.

కోడికి చెమట పట్టదు, రొప్పడమే దానికి దారి. రొప్పే కొద్దీ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, పెంకు తయారీకి కావలసిన బైకార్బొనేట్ రక్తంలో తగ్గిపోతుంది. దానికి తోడు మేత కూడా సరిగా తినదు. అందుకే పెంకు పల్చబడుతుంది, గుడ్లూ తగ్గుతాయి. లావు పెట్టకు లోపలి వేడి ఎక్కువ, అది బయటికి పోవడమూ కష్టమే.

తర్వాత గ్రామప్రియకు మారాను. అదే సంస్థ రకం, కానీ గుడ్ల కోసం చేసింది, ఒళ్లు తేలిక. పెరట్లో కాస్త దాణా కలిపి పెడితే ఏడాదికి 160 నుంచి 180 దాకా పెడుతుందంటారు. మా దగ్గర మే నెలలో కూడా పది పెట్టలకు రోజూ నాలుగైదు గుడ్లు దొరికాయి. ఇది పొదగదు, గుడ్లను నాటుపెట్ట కిందే పెట్టాలి. అలా పొదిగించిన పిల్లల్నే మళ్లీ గుడ్లకు ఉంచుకోకండి. ఇది సంకర రకం కాబట్టి తర్వాతి తరానికి ఆ గుణం చెదిరిపోతుంది. నేను ఉంచుకుని రెండేళ్లు నష్టపోయాను.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మెడ మీద ఈకలు లేని కోడి. కేరళలో పనిచేసే మా తమ్ముడు అలాంటి పుంజునొకదాన్ని తెచ్చిచ్చాడు. మెడ బోసిగా ఉండే జన్యువు బలమైనది, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు, కనిపిస్తుంది. ఒక్కరి నుంచే వస్తే మెడ ముందువైపు చిన్న ఈకల కుచ్చు ఉంటుంది, ఇద్దరి నుంచీ వస్తే మెడ దాదాపు పూర్తిగా బోసి. మా పుంజుకు కుచ్చు ఉంది. దాన్ని నాటుపెట్టలతో కలిపితే పదకొండు పిల్లల్లో ఆరు బోసిమెడవి పుట్టాయి. ఈ జన్యువు ఒళ్లంతా ఈకను తగ్గిస్తుంది కాబట్టి వేడి సులువుగా పోతుంది, ఈకకు ఖర్చయ్యే మాంసకృత్తులూ మిగులుతాయి. మొన్న వేసవిలో మిగతావి రొప్పుతుంటే ఇవి నీడలో మట్టి గీరుకుంటూ తిరిగాయి. చలికాలంలో మాత్రం వీటి పిల్లలకు బల్బు వెచ్చదనం ఎక్కువ రోజులు ఇవ్వాలి. చూడ్డానికి బాగోలేదని ఇరుగుపొరుగు అంటారు, పట్టించుకోకండి.

ఫారాల్లో గుడ్ల కోసం పెంచే తెల్ల లెగార్న్ జాతి కూడా తేలికైనదే, కానీ అది అన్నేసి గుడ్లు పెట్టేది పూర్తిగా లేయర్ దాణా, అంటే గుడ్ల కోళ్ల కోసం చేసే మేత, పెడితేనే. పెరట్లో తెల్లగా మెరిసి గద్ద కంట పడుతుంది.

వేసవిలో మేత తెల్లవారుజామునా, పొద్దు వాలాకా పెట్టండి. పెంకు గట్టిపడేందుకు గుల్ల పొడి వేరే గిన్నెలో ఉంచండి, కావలసినవి తింటాయి. నీళ్లు మట్టి మూకుళ్లలో పోసి పగలు రెండు మూడు సార్లు మార్చండి. కొక్కెర తెగులు (రాణీఖేత్ వ్యాధి) టీకా మరవద్దు. పిల్లల్ని తొలకరి పడ్డాక తెచ్చుకుంటే ఐదారు నెలలకు గుడ్లకు వస్తాయి, ఎండలు ముదిరేలోపు ఒక విడత గుడ్లు మీ చేతికి వచ్చేస్తాయి.