పికప్ చిప్ కోసం లోన్ యాప్‌లో అప్పా?

ప్రశ్న: వయసు 32, ప్రైవేటు ఉద్యోగం, జీతం 42,000. సెకండ్ హ్యాండ్‌లో టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే భాగం) లేని పెట్రోల్ కారు కొన్నాను. ఈఎంఐ 8,600తో కలిపి ఇంటి ఖర్చు 33,000. సేవింగ్స్ 9,000 ఉంది. ఓబీడీ పోర్టుకు (మెకానిక్‌లు స్కానర్ తగిలించి లోపాలు చూసే సాకెట్) పెట్టే చిప్, థ్రాటిల్ కంట్రోలర్ కలిపి 14,000 అంటున్నారు. పికప్‌తో పాటు మైలేజీ కూడా 15 శాతం పెరుగుతుందట. లోన్ యాప్‌లో తీసుకుని కొనవచ్చా? - వరంగల్ పాఠకుడు

జవాబు: వద్దు. చిప్ వద్దు, లోన్ యాప్ అసలే వద్దు.

ఇలాంటి చవక చిప్‌లను విప్పి చూసినవాళ్లకు కొన్నింటిలో దొరికింది మెరిసే ఎల్ఈడీలు, వాటిని వెలిగించే చిన్న సర్క్యూట్ మాత్రమే. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూకు అవి ఏ సందేశమూ పంపవు. థ్రాటిల్ కంట్రోలర్ పనిచేస్తుంది కానీ పవర్ పెంచదు. పెడల్ కొంచెం నొక్కినా ఎక్కువ నొక్కినట్టు ఈసీయూకు చెబుతుంది, అంతే. టర్బో డీజిల్‌కు మంచి రీమ్యాప్ (ఈసీయూ సాఫ్ట్‌వేర్‌లో మార్పు) చేయిస్తే తేడా నిజంగానే తెలుస్తుంది. టర్బో లేని మీ బండికి దానివల్ల ఒరిగేది తక్కువ.

పోనీ, ఆ 15 శాతం నిజమే అనుకుందాం. నెలకు 800 కిలోమీటర్లు, లీటరుకు 16 చొప్పున 50 లీటర్లు. లీటరు 108 అనుకుంటే 5,400. మిగిలేది నెలకు 700 రూపాయలు. పెట్టిన 14,000 తిరిగి రావడానికే 20 నెలలు పడుతుంది. యాప్ వడ్డీ, ముందే కోసుకునే ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. సరదా వస్తువు కోసం అప్పు చేస్తామంటూ ఎంతమంది రాస్తారో! ఎన్నిసార్లు చెప్పినా ఇదే తప్పు.

నన్ను భయపెట్టింది ఆ 9,000 సేవింగ్స్. ఒక్క నెల జీతం ఆగితే ఈఎంఐ కట్టాక మీ దగ్గర మిగిలేది 400. అద్దె ఎలా కడతారు? ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే? అప్పుడు మళ్లీ అదే యాప్ తలుపు తడతారు, ఈసారి వాళ్లు చెప్పిన వడ్డీకి. మీకు కనీసం నాలుగు నెలల ఖర్చు, అంటే 1,32,000 పక్కన ఉండాలి. మీ లెక్క ప్రకారం నెలకు 9,000 మిగలాలి. అది ఎటు పోతోందో ఈ వారమే రాసుకోండి. జీతం పడిన మర్నాడే 6,000 ఆర్‌డీకి (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వెళ్లేలా పెట్టండి. ఏడాదికి 72,000 అవుతుంది. అప్పటిదాకా దాన్ని ముట్టుకోవద్దు.

ఇంజిన్‌లో ఏ మార్పు చేయించినా బీమా కంపెనీకి చెప్పాలి, లేకపోతే క్లెయిమ్ దగ్గర చిక్కు. పికప్ తగ్గిందనిపిస్తే మెకానిక్‌తో ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, టైర్లలో గాలి చూపించండి. యాప్ ఇప్పటికే ఫోన్‌లో ఉంటే ఈ రాత్రికే తీసేయండి.