పాఠకుల ప్రశ్న: నిమ్మరసం, భూగర్భ జలం, మారిపోయే ఫలితాలు

ప్రశ్న: రసాయనశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. నిమ్మజాతి పండ్లలో సి విటమిన్‌ను, భూగర్భ జలంలో కఠినత్వాన్ని, ఫ్లోరైడ్‌ను కొలవాలి. వీటికి టైట్రేషన్ సరిపోతుందా, ఖరీదైన పరికరాలు తప్పవా? ఒకే నమూనాకు ఉదయం ఒక ఫలితం, సాయంత్రం మరొకటి ఎందుకు వస్తున్నాయి?

జవాబు: సి విటమిన్‌కు, కఠినత్వానికి (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం మోతాదుకు) టైట్రేషన్, అంటే గాఢత తెలిసిన ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిచే పద్ధతి, చాలు. ఫ్లోరైడ్‌కు మాత్రం ఆ అయాన్‌ను గుర్తించే ఎలక్ట్రోడు వంటి పరికరం మేలు. అయితే పరికరాన్ని ఎంచుకునే ముందు, మీరు కొలవదలచిన పదార్థంతో పాటు నమూనాలో ఇంకేమేమి ఉన్నాయో తేల్చుకోవాలి. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా చాలావరకు అక్కడే ఉంది.

ఆస్కార్బిక్ ఆమ్లాన్ని, అంటే సి విటమిన్‌ను, అయోడిన్ ద్రావణంతో కొలుస్తారు. ఈ రెండూ ఒక అణువుకు ఒక అణువు చొప్పున చర్య జరుపుతాయి కనుక 0.005 మోలార్ అయోడిన్ ఒక మిల్లీలీటరు ఖర్చయితే 0.88 మిల్లీగ్రాముల విటమిన్ ఉన్నట్టు. రసంలో కాస్త స్టార్చ్ ద్రావణం కలిపి బ్యూరెట్ నుంచి అయోడిన్ వదులుతుంటే, చుక్క పడిన చోట నీలం కనిపించి ఫ్లాస్కును తిప్పగానే మాయమవుతుంది. ఆ రంగు అరనిమిషం నిలిస్తే అంత్యబిందువు, అంటే చర్య పూర్తయిన క్షణం, వచ్చిందని అర్థం. చిక్కల్లా ఏమిటంటే, క్షయకరణం చేయగల (ఎలక్ట్రాన్లను ఇవ్వగల) పదార్థం ఏదైనా అయోడిన్‌ను ఖర్చు చేస్తుంది. నిల్వ కోసం సల్ఫైట్ కలిపిన సీసా రసంలో విటమిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించేది అందుకే. ఇక పండు నుంచి తీసి పక్కన పెట్టిన రసంలో విటమిన్ గాలి తగిలి ఆక్సీకరణం చెందుతుంది. రాగి, ఇనుము లేశమాత్రం ఉన్నా ఆ చర్య వేగం పుంజుకుంటుంది. మీ సాయంత్రపు ఫలితం ఉదయం కంటే తక్కువగా వస్తుంటే నా మొదటి అనుమానం దీని మీదే. పిండిన వెంటనే రసాన్ని మెటాఫాస్ఫారిక్ ఆమ్ల ద్రావణంలో కలిపి చల్లగా ఉంచండి. పలుచన చేయడానికి స్వేదనజలమే వాడండి.

నిమ్మజాతి పండ్లలో ఉండే నారింజిన్, హెస్పెరిడిన్, లిమోనిన్ వంటి సమ్మేళనాల జోలికి వెళ్లదలిస్తే టైట్రేషన్ పనికిరాదు, వాటిని హెచ్‌పీఎల్‌సీతో (అధిక పీడన ద్రవ క్రొమటోగ్రఫీతో) వేరుచేయాలి. తొక్క నూనెలోని లిమోనీన్‌కు గ్యాస్ క్రొమటోగ్రఫీ తగినది.

భూగర్భ జలం గాజుగ్లాసులో ఎంత తేటగా కనిపించినా, విశ్లేషకుడికి పండ్ల రసం కంటే తక్కువ తలనొప్పి కాదు. భూమి లోపల పీడనం కింద కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్, నీరు పైకి రాగానే తప్పించుకుంటుంది, పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయిని తెలిపే సంఖ్య) పెరుగుతుంది, కాల్షియం కార్బొనేట్ తెల్లని పొరగా సీసా అడుగున పేరుకుంటుంది. సీసా పైభాగం నుంచి తేరిన నీటిని తీసి కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనంతో కఠినత్వం కొలిస్తే, ఆ పొరలోని కాల్షియం లెక్కలోకి రానే రాదు. అందువల్ల పీహెచ్‌ను, క్షారత్వాన్ని నీరు పట్టిన చోటే కొలవాలి, కఠినత్వాన్ని ఆలస్యం చేయకుండా చూడాలి. టైట్రేషన్ విషయానికొస్తే, పీహెచ్ 10 దగ్గర ఎరియోక్రోమ్ బ్లాక్ టీ సూచిక ద్రాక్షసారా ఎరుపు నుంచి స్వచ్ఛమైన నీలానికి మారాలి, ఊదా రంగు దగ్గరే ఆగిపోకూడదు.

ఫ్లోరైడ్ దగ్గర మీ రెండు అంశాలూ కలుస్తాయి. ఎలక్ట్రోడు స్వేచ్ఛగా ఉన్న ఫ్లోరైడ్ అయాన్లనే గుర్తిస్తుంది. అల్యూమినియం, ఇనుములతో జట్టుకట్టిన ఫ్లోరైడ్ దానికి కనబడదు. ఆ లోహాలను తానే పట్టుకొని ఫ్లోరైడ్‌ను విడిపించడానికి బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలో) తరచుగా కలిపేది సిట్రేట్, అంటే 1784లో రసాయనశాస్త్రవేత్త షీలే నిమ్మరసం నుంచి స్ఫటికాలుగా వేరుచేసిన సిట్రిక్ ఆమ్లపు లవణమే. అలాగని నమూనాలో నిమ్మరసం పిండకూడదు. బఫర్ పీహెచ్‌ను 5 నుంచి 5.5 మధ్య నిలపాలి: మరీ ఆమ్లమైతే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసిపోతుంది, క్షారం ఎక్కువైతే హైడ్రాక్సైడ్ అయాన్లు ఎలక్ట్రోడును మోసగిస్తాయి. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు కనుక, ఆ విలువకు దగ్గరగా వచ్చిన ఫలితాన్ని నిర్ధారించుకోకుండా రాయకండి.

నిర్ధారణకు ఒక పద్ధతి ఉంది. నమూనాలో ఒక భాగానికి లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరిగేలా తెలిసిన ఫ్లోరైడ్‌ను కలిపి, రెండు భాగాలనూ కొలవండి. తేడా ఒకటికి దగ్గరగా వస్తే పద్ధతి సరైనదే; 0.7 వద్ద ఆగిపోతే ఎలక్ట్రోడును అనుమానించే ముందు బఫర్‌ను తాజాగా తయారుచేసి మళ్లీ చూడండి.