మారియో మూడు లైఫులు, మా గుంటడి పది నిమిషాలు

ప్రశ్న: మాది విజయనగరం. దసరా సెలవుల్లో తొమ్మిదో తరగతి చదివే మా గుంటడికి నా చిన్నప్పటి గేములు చూపిద్దామని, టీవీకి తగిలించే గేమ్ స్టిక్ ఒకటి ఆన్‌లైన్లో కొన్నాను. మారియో పెట్టాను. పది నిమిషాల్లో "ఇదేటి నాన్నా, సేవ్ అవ్వదేటి?" అని రిమోట్ పక్కన పడేశాడు. చిత్రం ఏమిటంటే నేనూ గోతుల్లో పడిపోతున్నాను. వయసు మీద పడిందా, స్టిక్ బాగోలేదా?

జవాబు: ముందు మీ వేళ్ల మీద పడ్డ నింద తీసేద్దాం. మారియో సెకనుకు 60 బొమ్మలతో నడుస్తుంది, అంటే ఒక్కో బొమ్మకు సుమారు 17 మిల్లీసెకన్లు. మన పాత డబ్బా టీవీ వచ్చిన సిగ్నల్‌ని వచ్చినట్టే గీసేసేది. ఇప్పటి ఎల్ఈడీ టీవీ దాన్ని అందుకుని, సాగదీసి, నున్నగా చేసి మరీ చూపిస్తుంది. ఈ అలంకరణకే 50, 100 మిల్లీసెకన్లు తినేసే టీవీలు ఉన్నాయి. వైర్‌లెస్ రిమోట్ వాటా దానికి అదనం. మీరు గోతి అంచున సరిగ్గానే నొక్కారు, ఆ కబురు అందేసరికి మారియో లోపల ఉన్నాడు. పిక్చర్ సెట్టింగ్స్‌లో ఈ అలంకరణని తగ్గించే గేమ్ మోడ్ ఆన్ చేసి చూడండి.

మీవాడి ఫిర్యాదుకి మాత్రం సెట్టింగ్ లేదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కేబీ. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో ఇంతకంటే పెద్దది. అందులో 32 లెవెల్స్ ఇరికించారు. దారి తెలిసి, ఆటలో ఆరితేరినవాడు 5 నిమిషాల్లోపే ముగించేస్తాడు. మరి మనకి వేసవి సెలవులన్నీ ఎలా సరిపోయాయి? చచ్చి మళ్లీ మొదటికి రావడంలోనే సరిపోయాయి. కాయిన్ వేసి ఆడే మెషీన్ల నాటి అలవాటది.

అయితే ఆ దారి మనకి ఎవరు చెప్పారు? శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో గంటకింత అని డబ్బులిచ్చి ఆడే కొట్టొకటి ఉండేది. నేను ఆడుతుంటే డబ్బుల్లేని నలుగురు వెనక నిలబడేవారు. మొదటి వరల్డ్‌లోని రెండో లెవెల్ (1-2) చివర్లో "పైపులోకి దూరకు, ఇటుకల మీదికెక్కి నడు" అని అరిచింది వాళ్లలో ఒకడే. ఎక్కి నడిస్తే నేరుగా నాలుగో వరల్డ్‌కి పైపు! లైఫులన్నీ అయిపోయాక 'A' బటన్ నొక్కి ఉంచి స్టార్ట్ నొక్కితే ఆగిన వరల్డ్ మొదటి నుంచి ఆడొచ్చన్నదీ అంతే, తెర మీద ఎక్కడా రాసి ఉండదు. గేము సగం క్యాసెట్‌లో, సగం వెనక నిలబడ్డవాడి నోట్లో ఉండేది. మీవాడికి అందింది మొదటి సగమే. పక్కన కూర్చుని రెండోది మీరు అందించండి. చాలా స్టిక్కుల మెనూలో ఎక్కడికక్కడ సేవ్ చేసుకునే వీలుంటుంది, వాడుకోనివ్వండి. మనం పడ్డ బాధలు వాడూ పడాలని ఎక్కడా లేదు.

పైనుంచి పడే ముక్కలు పేర్చే టెట్రిస్ కూడా పెట్టి చూడండి, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. 1996 నాటి టూంబ్ రైడర్ మాత్రం ఇప్పుడే వద్దు. అందులో మనిషిని తిప్పడమంటే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు తిప్పినట్టే. అది నాకూ ఇప్పుడు చిరాకే.

ప్రశ్న: పాత వైస్ సిటీని కొత్త ల్యాప్‌టాప్‌లో ఆడుతుంటే కార్లు వెనక్కి వెళ్లమంటే మొరాయిస్తున్నాయి. గేము పాడైందా? (శ్రీకాకుళం నుంచి)

జవాబు: పాడవలేదు, మీ ల్యాప్‌టాప్ మరీ వేగంగా ఉంది. 2003 నాటి ఆ పీసీ గేము సెకనుకు సుమారు 30 బొమ్మల లెక్కన కట్టినది. అది వందల్లోకి వెళ్తే లోపలి లెక్కలు తప్పుతాయి. ఆప్షన్స్‌లో డిస్‌ప్లే సెటప్‌కి వెళ్లి ఆ వేగానికి కళ్లెం వేసే ఫ్రేమ్ లిమిటర్ ఆన్ చేయండి. రివర్స్ గేరు దానంతటదే పడుతుంది.