పరిశోధనలో చేరబోతున్న బుజ్జమ్మకు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

కణభౌతికశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరుతున్నావని మీ నాన్న చెప్పగానే మనసు నిండిపోయింది. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. 2012లో హిగ్స్ బోసాన్ అనే కణం దొరికిన తరువాత, కణాలను ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో మరో కొత్త మౌలిక కణం కనిపించలేదన్నది నిజం. ప్రతిష్టంభన ఉంది, కాదనను. కంటికి కనబడని కృష్ణపదార్థం ఏమిటో, న్యూట్రినోలనే అతి తేలికైన కణాలకు ద్రవ్యరాశి ఎలా వచ్చిందో ఇంకా తెలియదు కనుక ప్రశ్నలకు కొదవ లేదు, కొరవడినవి ఆధారాలే.

గైడును ఎంచుకునే ముందు ఆయన పాత విద్యార్థులతో మాట్లాడు. గణాంకశాస్త్రం శ్రద్ధగా నేర్చుకో.

ఇక నేను చేసిన తప్పు విను. 2015 డిసెంబరులో ఆ కొలైడర్ దగ్గర పనిచేసే అట్లాస్, సీఎంఎస్ బృందాలు జంట ఫోటాన్ల (వెలుగు కణాల) గ్రాఫులు చూపించాయి. కిందికి జారుతున్న గీత మీద, 750 జీఈవీ (కణాల శక్తి కొలత) దగ్గర, రెండు మూడు చుక్కలు పైకి లేచి ఉన్నాయి. అప్పటికి నా విద్యార్థి ఒకడు అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టే వాతావరణ న్యూట్రినోల లెక్కను మూడేళ్ళుగా చేస్తున్నాడు. దాన్ని పక్కన పెట్టించి, ఆ చుక్కలకు కారణమైన కణం ఏదై ఉంటుందో సిద్ధాంతం కట్టమని కూర్చోబెట్టాను. "ఇంకొంత డేటా వచ్చేదాకా ఆగుదామా సార్?" అని అడిగితే కసిరాను. పదకొండు రోజుల్లో పేపరు పంపాం. మాలాగే ప్రపంచమంతటా వందల పేపర్లు వచ్చాయి. 2016 ఆగస్టులో మరింత డేటా రాగానే ఆ చుక్కలు గీతలో కలిసిపోయాయి. వాడు పాత లెక్క దగ్గరకు తిరిగి వెళ్ళేసరికి ఇంకెవరో దాన్ని ప్రచురించారు. నన్ను ఒక్క మాటైనా అనకుండా చదువు మానేసి వెళ్ళిపోయాడు.

వాతావరణ న్యూట్రినోలను 1965లోనే మన కోలార్ బంగారు గనుల్లో పట్టుకున్నారు. తరువాత జపాన్‌లోని కమియోకా గనిలో ప్రోటాన్ క్షయాన్ని, అంటే ప్రోటాన్ తనంతట తానే విడిపోవడాన్ని, చూడాలని పెద్ద నీళ్ళ తొట్టి కట్టారు. ప్రోటాన్ క్షయం కనిపించలేదు. అయితే ఆ వెతుకులాటకు అడ్డుగా వచ్చే వాతావరణ న్యూట్రినోలను ఓపికగా లెక్కపెడితే, వాటిలో మ్యూయాన్ అనే రకానివి అనుకున్నదానికన్నా తక్కువగా తేలాయి. అంతకన్నా పెద్ద తొట్టి అయిన సూపర్-కమియోకాండే 1998లో, అవి దారిలో రకం మారుతున్నాయని, కాబట్టి వాటికి ద్రవ్యరాశి ఉందని చూపింది. అడ్డు అనుకున్నదాన్ని వాళ్ళు అంత శ్రద్ధగా కొలిచారు, నేనేమో వాడి చేత మాన్పించాను తల్లీ.

చేస్తున్న లెక్కను సగంలో వదిలేయమని ఎంత పెద్దవారు చెప్పినా, వెంటనే సరేననకు. ముందు నాకు ఫోన్ చేయి. అర్ధరాత్రయినా లేస్తాను.

మీ పెదనాన్న